అప్‌డేట్: ‘జోడియాక్’ చూడొచ్చా అని అడిగిన ప్రశ్నకు

‘జోడియాక్’ అని తనకు తానే పేరు పెట్టుకున్న హంతకుడి నిజమైన అమెరికా కేసు మీద డేవిడ్ ఫించర్ తీసిన ‘జోడియాక్’ (2007) సాగదీతా, హంతకుడు దొరకని ముగింపు లోపమా అన్నది నా ప్రశ్న. జవాబులు రెండుగా చీలాయి. సినిమా చూశాక నా లెక్క ఇది.

నిడివి 157 నిమిషాలు, ఆ మాట నిజమే. కానీ ముగింపు లోపం కాదు. అసలు కేసే ఇప్పటికీ తేలలేదు, దొంగ ముగింపు అతికిస్తే అది అబద్ధమయ్యేది. 1969 ఆగస్టులో మూడు పత్రికలకు హంతకుడి నుంచి ఉత్తరాలొచ్చాయి. 408 గుర్తుల సంకేతలిపిని మూడు ముక్కలు చేసి ఒక్కో పత్రికకు ఒక్కోటి పంపాడు. దాన్ని విప్పింది ఒక టీచరూ ఆయన భార్యా. 340 గుర్తుల రెండోది 2020లో గానీ వీడలేదు, అందుకే సినిమాలో ఆ సంగతి ఉండదు.

చాలామంది తికమకపడేది ఏళ్లు దూకే చోట. తెరమీద పడే తేదీలు వదలకుండా చదవండి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ట్రాన్స్‌అమెరికా భవనం చకచకా పైకి లేచే షాట్ కూడా కాలం గడిచిందని చెప్పడానికే.

(ఇక్కడ స్పాయిలర్.) అందరూ మెచ్చిన బేస్‌మెంట్ సీన్ నిజంగా అద్భుతం. హత్య లేదు, కత్తి లేదు. సినిమా పోస్టర్ మీది చేతిరాత అనుమానితుడిది అనుకుని ఒకాయన ఇంటికి వెళ్తాడు, కేసు వెంటపడిన గ్రేస్మిత్. ఆ రాత నాదేనంటాడు ఇంటాయన. అంతే, ఒళ్లు జలదరిస్తుంది.

ఒక్క మాట స్పష్టం చేస్తాను: గ్రేస్మిత్ విలేకరి కాదు, పత్రికలో కార్టూనిస్టు. విలేకరి పాల్ ఏవరీ. ఈ తేడా పట్టుకుంటే కథ సులువుగా అందుతుంది.