మాథేరాన్‌లో ఈ-రిక్షాలు తిరిగితే దాన్ని ఇంకా వాహనాలు లేని ఊరు అనొచ్చా?

పాదచారి
మహారాష్ట్రలో నేరళ్ పైన కొండ మీదుండే మాథేరాన్ సంగతి చాలామందికి తెలిసిందే. మోటారు బండి ఏదైనా దస్తూరీ నాకా దగ్గర ఆగిపోవాల్సిందే. అక్కణ్నుంచి బజారుకి నడక, గుర్రం, మనుషులు లాగే రిక్షా, లేదంటే అమన్ లాడ్జ్ స్టేషన్ నుంచి షటిల్ రైలు. 2003లో కేంద్రం ఈ కొండను పర్యావరణ సున్నిత ప్రాంతంగా ప్రకటించింది. అంబులెన్సుకీ ఫైరింజనుకీ మాత్రమే మినహాయింపు. 2022 చివర్లో సుప్రీంకోర్టు అనుమతితో కొన్ని ఈ-రిక్షాలు ప్రయోగంగా తిప్పారు. 2025 ఆగస్టు 6న అదే కోర్టు, మనుషులు లాగే రిక్షాలను 6 నెలల్లో ఆపాలని, వాటిని లాగేవాళ్ల బతుకుతెరువుకి ఈ-రిక్షాలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది.

నా వాదన ముందే చెప్తున్నాను. ఇవి ఏకై వచ్చి మేకై కూర్చుంటాయి. ఇవాళ రిక్షా అంటారు, రేపు హోటళ్ల బ్యాటరీ బండ్లు, ఆ తర్వాత సామాను బండ్లు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని మాకినా ద్వీపం 1898లో మోటారు బండ్లను నిషేధించింది, ఇప్పటికీ గుర్రాలూ సైకిళ్లతోనే నడుస్తోంది. ఎలక్ట్రిక్ సైకిల్ కూడా నడవలేని ఇబ్బంది ఉన్నవాళ్లకే, అదీ పర్మిట్ ఉంటేనే. నియమం అంత గట్టిగా ఉంది కాబట్టే నిలబడింది. కాదనేవాళ్లు వివరాలతో చెప్పండి.

ఎర్రమట్టి
పాదచారి గారూ, బండి లేనంత మాత్రాన బరువు మాయం కాదండి. అది ఎవరి వీపు మీదికి పోతోందో చూడండి. మాథేరాన్ రిక్షాలో ఒకరు కూర్చుంటే ముందు ఒకరు లాగుతారు, వెనక ఇద్దరు నెడతారు. దిగేటప్పుడు ఆ ముగ్గురే బ్రేకు. దీన్ని వారసత్వం అనడం నాకు అస్సలు మింగుడుపడదు. పంజాబ్ రిక్షా కార్మికుల కేసులో 1980లోనే సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన మాట్లాడింది. ఆ తీర్పును 2025లో మళ్లీ గుర్తుచేయాల్సి రావడమే బాధాకరం.

సామాను లెక్క కూడా వేద్దాం. 1965 నాటి జంతుహింస నివారణ నిబంధనల ప్రకారం పోనీ గుర్రం వీపు మీద 70 కిలోలకు మించి వేయకూడదు. నిండు గ్యాస్ సిలిండరు 30 కిలోల దగ్గర తూగుతుంది, అంటే గుర్రానికి రెండే. సిమెంటు బస్తా 50 కిలోలు, అంటే ఒక్కటే. టన్ను సిమెంటు పైకి చేరాలంటే 20 గుర్రపు నడకలు. ఎవరైనా 2 బస్తాలు కట్టారంటే అది నేరం, పైగా గుర్రం నడుం పోతుంది. ఊళ్లో మనుషులు బతకాలంటే ఈ బరువు రోజూ పైకి చేరాలి.

నాలుగోగేరు
ఈ-రిక్షా ఉండాలనే నేనూ అంటాను. కానీ మైదానాల్లో తిరిగే ఈ-రిక్షాను తెచ్చి కొండ మీద పెడితే పథకమే చెడిపోతుంది. లెక్క చూడండి. బండి 350 కిలోలు, డ్రైవరుతో కలిపి ఐదుగురు, 40 కిలోల సామాను, మొత్తం 700 దాటుతుంది. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తులో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఎత్తుకే 1,900 వాట్లు కావాలి. మట్టి దారి పట్టుకి ఇంకో 500 పైన. మన వీధుల్లో తిరిగే రకం మోటార్లు 1,000 వాట్ల చుట్టుపక్కల ఉంటాయి. కాసేపు మోటారు గుంజుతుంది, కరెంటు పెరిగి, మోటారుకి కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కుతుంది, తనను తాను కాపాడుకోవడానికి ఆఫ్ అవుతుంది. అప్పుడు బండి వెనక్కి జారుతుంది. చట్టం 4,000 వాట్ల దాకా ఒప్పుకుంటోంది. టెండరులో కనీసం 3,000 రాయకుండా బండి కొనడం తప్పు.

లెడ్-యాసిడ్ బ్యాటరీలు వద్దు. నాలుగు పెట్టెలే నూరు కిలోలు దాటతాయి, పైగా ఎక్కుడులో వోల్టేజీ పడిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టాలి. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. చార్జింగు ఊళ్లో పెట్టి బ్యాటరీని నూటికి నూరు నింపి దిగుడుకి పంపితే, మోటారు బ్రేకు నుంచి వచ్చే కరెంటును అది తీసుకోలేదు. బ్రేకు భారమంతా డ్రమ్ముల మీద పడి లైనింగులు కాలిపోతాయి. 85 శాతం దగ్గర చార్జింగు ఆపితే సరిపోతుంది. పార్కింగు బ్రేకు విడిగా, నిండు బరువుతో ఎక్కుడులో నిలబెట్టి పరీక్షించి తీసుకోవాలి.

పాదచారి గారి ప్రశ్నకు జవాబు స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో ఉంది. పెట్రోలు, డీజిలు కార్లు 5 కిలోమీటర్ల కింద టేష్‌లో ఆగిపోతాయి. అక్కడ రెండు వేల పైచిలుకు కార్లకు పార్కింగు, అక్కణ్నుంచి 12 నిమిషాల షటిల్ రైలు. ఊళ్లో చిన్న బ్యాటరీ బండ్లు తిరుగుతాయి, అవీ పర్మిట్ ఉన్న వ్యాపారాలకే ఇస్తారు. అవి ఉన్నా జెర్మాట్‌ను అందరూ కార్లు లేని ఊరనే అంటారు.

పాదచారి
> అవి ఉన్నా జెర్మాట్‌ను అందరూ కార్లు లేని ఊరనే అంటారు

అక్కడి పెద్ద వీధిలో నడిచేవాళ్ల ఫిర్యాదే అది కదండీ. బ్యాటరీ టాక్సీకి చప్పుడు ఉండదు, వెనక నుంచి వచ్చి పక్కనే ఆగుతుంది, జనం గోడకు ఒదుగుతారు. నడకదారి మీద మనిషి మాటిమాటికీ వెనక్కి చూసుకుంటున్నాడంటే ఆ దారి మనిషిది కాదు. మాథేరాన్‌లో పిల్లలు చెయ్యి వదిలించుకుని పరుగెత్తే దారులున్నాయి. నాకు కావాల్సింది అదే.

మనిషి లాగే రిక్షా పోవాలి, అందులో నాకు వేరే మాట లేదు. లాగేవాళ్లకు తగిన ఆదాయం చూపండి, బండి ఎందుకు?

గుర్రపునాడా
ఇక్కడ అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు, దారి గురించి ఒక్కరూ అనడం లేదు. అసలు గొడవ అక్కడే ఉంది.

మాథేరాన్ నేల ఎర్రటి లాటరైట్. వానాకాలంలో చక్రం ఒకే గాడిలో తిరిగితే ఆ గాడే కాలువ అవుతుంది, నీళ్లు మట్టిని ఎత్తుకుపోతాయి, చెట్ల వేళ్లు బయటపడతాయి. అందుకే పేవర్ బ్లాకులు వేశారు. వాటి మీద గుర్రం ఇనుప నాడా జారుతుందని గుర్రాలవాళ్ల అభ్యంతరం. అది న్యాయమైనదే. నున్నటి కాంక్రీటు, దాని మీద తడి, నాచు, పేడ, పైగా దిగుడు. దస్తూరీ నుంచి శివాజీ విగ్రహం దాకానే బ్లాకులు వేయాలని, లోపలి దారుల్లోనూ కాలిబాటల్లోనూ వేయొద్దని కోర్టు గీత గీసింది. ఆ గీత మంచిది.

ఆ ఒక్క దారినైనా సరిగ్గా వేయాలి. కింద నుంచి పైకి పరచాలి, పై నుంచి మొదలుపెడితే వరసలు జారతాయి. బ్లాకులను చేపముల్లు వరసలో పెట్టాలి. బ్లాకు కింది ఇసుక 40 మిల్లీమీటర్లు మించితే చక్రం కింద కుంగుతుంది. రెండంచులా కాంక్రీటు కట్టు ఉండాలి, నిటారు చోట్ల దారికి అడ్డంగా కూడా దిమ్మె కట్టాలి. అన్నిటికంటే ముందు పక్క కాలువ. కాలువ లేకపోతే మొదటి జూన్ వానకే నీళ్లు బ్లాకుల కిందికి దూరి ఇసుకను లాగేస్తాయి. ఒక బ్లాకు ఊగడం మొదలైతే దాని పక్కవి నాలుగు ఊగుతాయి. గుర్రాల కోసం దారి పక్కన మట్టి పట్టీ వదిలితే ఇద్దరికీ సరిపోతుంది. మాకినాలో తారు దారి పాడవకుండా గుర్రాలకు రబ్బరు లాంటి పూత ఉన్న నాడాలు వేస్తారు. ఇక్కడా ప్రయత్నించవచ్చు.

మాకినా నియమం సరే, దాని వెనక చాకిరీ కూడా చెప్పండి పాదచారి గారూ. వేసవిలో అక్కడ ఐదారు వందల గుర్రాలుంటాయి, చలికాలానికి ఎక్కువ భాగాన్ని పడవల మీద ఒడ్డుకు చేరుస్తారు. వీధుల్లో రోజంతా పేడ ఎత్తుతారు, వీధులు కడుగుతారు, పేడను కంపోస్టు చేస్తారు. గుర్రం రోజుకి 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. మాథేరాన్‌లో నాలుగు వందలకు పైగా గుర్రాలున్నాయి, అంటే రోజుకి 6 టన్నులకు తక్కువ కాదు. అది ఎండి దుమ్మై లేస్తోంది, వానకు నీళ్లలో కలుస్తోంది. బండి వద్దంటే గుర్రం పెరుగుతుంది, గుర్రం పెరిగితే పేడ ఎత్తే మనుషులూ కంపోస్టు గుంటలూ కావాలి. ఈ ఖర్చు ఎవరూ లెక్కలో వేయడం లేదు.

ఎర్రమట్టి
సామాను విషయంలో మనకు తెలిసిన పద్ధతి ఒకటుంది. అలిపిరి నుంచి నడిచి వెళ్లే భక్తుల సంచులు టీటీడీ కిందే తీసుకుని రసీదు ఇచ్చి కొండ మీద అప్పగిస్తుంది, ఉచితంగా. దస్తూరీ దగ్గర అలాంటి కౌంటరు పెడితే రిక్షా ఎక్కేవాళ్లు సగానికి సగం నడుస్తారు. జనం రిక్షా ఎక్కేది ఎక్కువగా పెట్టె కోసమే.

పాదచారి
ఈ మాటకు ఒప్పుకుంటాను. మరి సంచులు మోసేదానికి మాత్రం ఈ-రిక్షా ఎందుకు? పట్టాలు ఉన్నాయి కదా. 1907 నాటి రెండడుగుల గేజి లైను. వానాకాలంలో నేరళ్ నుంచి అమన్ లాడ్జ్ దాకా ఆపేసినా, అమన్ లాడ్జ్ నుంచి మాథేరాన్ షటిల్ నడుస్తుంది. దానికి ఒక సామాను పెట్టె తగిలించి, తెల్లవారుజామున రెండు ట్రిప్పులు గ్యాసుకీ కిరాణాకీ, పగలు సంచులకీ కేటాయించవచ్చు. ఈ-రిక్షాలు వృద్ధులకీ రోగులకీ బడిపిల్లలకీ ఉంచండి, సంఖ్య కట్టేయండి, పర్మిట్ ఆ లాగిన మనిషి పేరు మీదే ఉండాలి, అమ్మడానికీ అద్దెకివ్వడానికీ వీల్లేకుండా. హోటల్ పేరు మీద ఒక్కటి ఇచ్చినా నేను మళ్లీ మొదటి వాదనకే వస్తాను.

నాలుగోగేరు
షటిల్‌కి పెట్టె తగిలించే ముందు ఇంజను లాగుడు శక్తి చూడాలి. ఎక్కుడులో ఒక పెట్టె కలిపితే ప్రయాణికుల పెట్టె ఒకటి తగ్గించాల్సి రావచ్చు, సెలవు రోజుల్లో అక్కడ టికెట్ క్యూ ఇప్పటికే చాంతాడంత ఉంటుంది. తెల్లవారుజాము సామాను ట్రిప్పు విడిగా నడపడమే మేలు. పర్మిట్ మనిషి పేరు మీద ఉండాలన్నదానికి నేనూ ఓటేస్తాను. దానికి ఇంకొకటి కలపండి. బ్యాటరీ మార్పిడి ఖర్చు రాష్ట్రం భరించాలి. ఐదారేళ్లకు బ్యాటరీ పోయినప్పుడు లాగిన మనిషి చేతిలో అంత డబ్బు ఉండదు, అప్పుడు బండి హోటల్ చేతికే పోతుంది.