వయొలిన్, మృదంగం, డప్పు మధ్య లాప్‌టాప్: కూత, ఆలస్యం, గాంధారం

ప్రశ్న (అనంతపురం)
వయొలిన్, మృదంగం, డప్పు, లాప్‌టాప్. రాసుకున్న పాటేమీ లేదు, అక్కడికక్కడ అల్లుకుంటూ పోవడమే. శ్రుతి ఒకటిన్నర (కీబోర్డు మీద సి షార్ప్). రెండు కండెన్సర్ మైకులు, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (వాద్యాల శబ్దాన్ని లాప్‌టాప్‌కు చేర్చే పెట్టె). హాల్లో కింద కడప బండలు. వయొలిన్‌కు డిలే (కాస్త ఆగి మళ్లీ వినిపించే ప్రతిధ్వని) పెడితే స్పీకర్ కూత పెడుతోంది. మృదంగాన్ని పిచ్ షిఫ్టర్‌లోకి (స్వరం ఎత్తు మార్చేది) పంపితే దెబ్బ వెనకబడుతోంది. ప్యాడ్ (వెనక సాగుతూ మోగే కీబోర్డు స్వరాలు) వేస్తే వయొలిన్ గాంధారంతో పడట్లేదు. ఎక్కడ సర్దాలన్నా?

జవాబు 1 (కర్నూలు)
కూతకు కారణం మైకే. స్పీకర్లోంచి వచ్చిన డిలేని అది మళ్లీ విని మళ్లీ డిలేకే పంపుతుంది. వయొలిన్ బ్రిడ్జికి పీజో పికప్ (గాలిలో శబ్దాన్ని కాక బ్రిడ్జి కంపనాన్ని పట్టే బిళ్ల) పెట్టి, లాప్‌టాప్‌కి అదొక్కటే ఇవ్వండి. పీజోకు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి. పదో ఇరవయ్యో కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే కింది స్వరాలు పోయి రేకు డబ్బాలా మోగుతుంది, కాబట్టి ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కాలి. రెండో ఇన్‌పుట్ మృదంగానికి. డప్పుకు మైకే అక్కర్లేదప్పా!

దెబ్బ ఆలస్యానికి బఫర్‌ను (లాప్‌టాప్ ఒక్కోసారి కూడబెట్టుకునే శబ్దం ముక్క) తిట్టుకోవద్దు. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్లు. రానుపోను 8 అనుకున్నా, మూడు మీటర్ల అవతల కూర్చుని వాయించినట్టే. అసలు దోషి పిచ్ షిఫ్టర్: అది ఒక్కసారి చూసే ముక్క (విండో) 2048 శాంపిళ్లయితే అదొక్కటే 43 మిల్లీసెకన్లు తినేస్తుంది. దెబ్బకు ఫిల్టరో రింగ్ మాడ్యులేటరో (నాదాన్ని గంటలా మార్చేది) వాడండి. లేదా ఆలస్యాన్నే లెక్కలో పెట్టండి: నిమిషానికి 80 అక్షరాలైతే (తాళం దెబ్బలు) చతురశ్రానికి (అక్షరాన్ని నాలుగు చేస్తే) 187.5, తిశ్రానికి (మూడు చేస్తే) 250, ఖండానికి (ఐదు చేస్తే) 150 మిల్లీసెకన్ల డిలే. కాలం మారితే ట్యాప్ టెంపో (కొట్టి వేగం చెప్పే మీట) లాప్‌టాప్ మనిషే కొట్టాలి. కింద కూర్చుని వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించిన మనిషికి పెడల్ తొక్కడానికి కాలెక్కడిది!

జవాబు 2 (కడప)
గాంధారం సంగతి. కీబోర్డులో అంతర గాంధారం షడ్జం కంటే సరిగ్గా 400 సెంట్లు (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య 100) ఎత్తులో ఉంటుంది. తంబూరాలోంచి పలికేది 5:4 నిష్పత్తి, అంటే 386 సెంట్లు. ఒకటిన్నర శ్రుతిలో 349.2 హెర్ట్జ్‌కు 346.5 ఎదురుపడి సెకనుకు మూడు అలలకు కాస్త తక్కువగా కొట్టుకుంటాయి. ప్యాడ్‌లో స, ప మాత్రమే ఉంచండి, పంచమంలో తేడా 2 సెంట్లే. ఇంకా రంగు కావాలంటే వయొలిన్‌నే 80-100 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పేర్చే గ్రాన్యులర్ పద్ధతిలో తిప్పండి, గమకం దాంతోపాటే వస్తుంది.

మన ఎండలకు మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీది రవ్వ ముద్ద ఫ్యాను గాలికి ఇట్టే ఎండి బిగుస్తుంది. ఫిల్టర్‌ను తొప్పి నాదానికి కట్టి ఉంటే అప్పుడిక అది పలకదు. నీళ్లద్దుతూ ఉండండి.

ప్రశ్న వేసినవారు
పీజో పెట్టాక కూత లేదు. చార్జర్ పెడితే మాత్రం గుయ్‌మంటోంది.

జవాబు 1
బ్యాటరీ మీద నడపండి, లేదంటే డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మార్చి పంపే చిన్న పెట్టె) పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ (ఎర్త్ కలయికను తెంచే బటన్) నొక్కండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు, షాక్ కొడుతుంది.

జవాబు 3 (ఆదోని)
బండల మీద జంపఖానాలు పరిచి, లాప్‌టాప్ మనిషి పక్కనే అతని శబ్దానికి వేరే చిన్న స్పీకర్ పెట్టండి. అంతా ముందున్న పెద్ద బాక్సుల్లోంచే వస్తే ఎవరు వాయిస్తున్నారో మృదంగం మనిషికి తెలీదు. బ్రిటిష్ శాక్సోఫోన్ వాద్యకారుడు ఇవాన్ పార్కర్ 1992లో మొదలుపెట్టిన ఎలక్ట్రో అకౌస్టిక్ ఎన్‌సెంబుల్‌లో వాద్యకారులకు ఎలక్ట్రానిక్స్ జోడీలు ఉండేవి. మీకున్నది ఒక్క మనిషి, కాబట్టి ఒక్కోసారి ఒక్క వాద్యాన్నే పట్టమనండి. తనిలో (మృదంగం ఒంటరిగా వాయించేటప్పుడు) మ్యూట్ మీదే వేలు!