8 జీబీ ర్యామ్ ఉంటే 5.7 చూపిస్తోంది, ఓఎస్ లోడ్ అవ్వకముందే ఎక్కడ చూడాలి?

కీబోర్డ్_కిట్టు: రైజెన్ ల్యాప్‌టాప్, 4+4 ర్యామ్. ఉబుంటులో 5.7 దాటట్లేదు. ర్యామ్ స్టిక్ పోయిందా లేక ఫర్మ్‌వేరే (బయోస్) తినేస్తోందా తెలీట్లేదు

పాతబయోస్: గ్రబ్ మెనూలో (ఆన్ చేయగానే ఏ ఓఎస్ అని అడిగే స్క్రీన్) సీ నొక్కు, కమాండ్ లైన్ వస్తది. ముందు సెట్ పేజర్=1 కొట్టు లేదంటే లైన్లన్నీ సర్రున పైకెళ్లిపోతయ్, తర్వాత ఎల్ఎస్ఎంమ్యాప్, మెమరీ మ్యాప్ వస్తది. ఒక్కో లైన్లో ఎక్కడ మొదలు, పొడవెంత, అవైలబులా రిజర్వ్‌డా అని ఉంటది. పొడవు హెక్సాలో (16 బేస్ అంకెల్లో) ఉంటది బ్రో, అవైలబుల్ అన్నవి మాత్రమే కూడు

స్వాతి_లినక్స్: అది మ్యాప్ మాత్రమే, స్టిక్ సంగతి చెప్పదు. ఏ స్లాట్లో ఎంతుందో ఎస్ఎంబయోస్ టేబుల్లో (ఫర్మ్‌వేర్ ఇచ్చే హార్డ్‌వేర్ వివరాల పట్టిక) ఉంటుంది, టైప్ 17. యూఈఎఫ్ఐ షెల్‌లో (ఓఎస్ లేకుండా నడిచే కమాండ్ లైన్) ఎస్ఎంబయోస్‌వ్యూ డాష్ టి 17

పాతబయోస్: దానికోసం షెల్ దాకా ఎందుకండీ, సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రామ్‌ల్ని బూట్ కానివ్వని సెట్టింగ్) తీయాలి, విండోస్ కూడా ఉండి బిట్‌లాకర్ (డిస్క్ లాక్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడిగి కూర్చుంటది. లినక్స్‌లో సుడో పెట్టి డీఎంఐడీకోడ్ డాష్ టి 17 కొట్టినా చదివేది ఆ టేబులే కదా

కీబోర్డ్_కిట్టు: రెండు స్లాట్లలోనూ 4 జీబీ ఉంది. మ్యాప్‌లో అవైలబుల్ కూడితే 6 లోపే. 4 జీబీ కింద పెద్ద గ్యాప్ ఉంది, పోయింది అదేనా?

స్వాతి_లినక్స్: కాదు. అక్కడి అడ్రస్‌లు పీసీఐ డివైస్‌లకి (గ్రాఫిక్స్, వైఫై లాంటివి) వదిలేస్తారు, అక్కడ పట్టని ర్యామ్‌ని 4 జీబీ పైకి జరుపుతారు, 1 పక్కన 8 సున్నాలున్న అడ్రస్‌తో మొదలయ్యే లైన్ అదే. మీ 2 జీబీ గ్రాఫిక్స్ వాటా అయ్యుంటుంది, బయోస్‌లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ (గ్రాఫిక్స్‌కి పక్కన పెట్టే ర్యామ్) చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ఆప్షనే కనపడనివ్వరు, అదో దరిద్రం

బోర్డుల_పిచ్చోడు: మా ఆర్మ్ బోర్డుల్లో యూ-బూట్ (అక్కడి బూట్‌లోడర్) ప్రాంప్ట్‌లో బీడీఇన్ఫో కొడితే చాలు, డ్రామ్ బ్యాంక్ ఎక్కడ మొదలు, సైజెంత అన్నీ వచ్చేస్తాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి, బూట్ చేసేటప్పుడు డివైస్ ట్రీలో (కెర్నల్‌కి ఇచ్చే హార్డ్‌వేర్ వివరాలు) మెమరీ నోడ్‌ని యూ-బూటే దిద్ది కెర్నల్‌కి ఇస్తుంది, కాబట్టి అక్కడ సైజ్ తప్పైతే డీటీఎస్ ఫైల్ (డివైస్ ట్రీ సోర్స్) ఎన్నిసార్లు మార్చినా దండగే

కీబోర్డ్_కిట్టు: దొరికింది, 2 జీబీ పెట్టి ఉంది. 512 ఎంబీ చేశా, ఇప్పుడు 7.2. గేమ్స్ స్లో అవుతాయా మరి?

పాతబయోస్: ఆడి చెప్పు. అవసరమైతే డ్రైవర్ మామూలు ర్యామ్‌లోంచి కూడా తీసుకుంటది, కానీ కొన్ని గేమ్స్ వీర్యామ్ (గ్రాఫిక్స్ వాటా) చూసి మొండికేస్తయ్