23 ఏళ్లకు సైకిల్ రేసింగ్ మొదలుపెడితే ఆలస్యమా?

మా తమ్ముడికి 23 ఏళ్లు. తిరుపతిలో ఉంటాం. రోజూ నాలుగున్నరకే లేచి, చంద్రగిరి మీదుగా వెళ్లి భాకరాపేట ఘాట్ ఎక్కి వస్తాడు. నిన్న వచ్చేసరికి చొక్కా మీద చెమట ఉప్పు తెల్లటి చారలు కట్టింది. అమ్మ ఇడ్లీలు వడ్డిస్తూ, "ఇదంతా దేనికి నాయనా?" అంది. వాడు తల ఎత్తలేదు. నాకు గుండె కలుక్కుమంది. ఇంత ఆలస్యంగా మొదలుపెట్టి ఎవరైనా పైకి వచ్చారా?

జవాబు 1: స్లొవేనియాకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ వచ్చాడండి. మొదట స్కీ జంపర్, అంటే స్కీలతో మంచు వాలు మీదుగా జారి గాల్లోకి దూకే ఆటగాడు. 2013లో, మీ తమ్ముడి వయసులోనే, సైక్లింగ్ జట్టులో చేరాడు. 2020లో ఫ్రాన్స్‌లో జరిగే మూడు వారాల రేసు టూర్ ద ఫ్రాన్స్‌లో, ముగింపుకు ముందు రోజు, ఒక్కొక్కరు విడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో, ముందంజలో ఉన్నవాడు వేసుకునే పసుపు జెర్సీ చేజారింది. అయినా అదే ఏడాది స్పెయిన్‌లో జరిగే అలాంటి రేసు, వుయెల్టా గెలిచాడు! మొత్తం నాలుగు వుయెల్టాలు, 2023లో ఇటలీ రేసు జీరో ద ఇటాలియా, టోక్యో ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచాడు. అయితే సైక్లింగ్‌కు రాకముందే అతను స్కీ జంపింగ్‌లో, జట్టుతో కలిసి, జూనియర్ స్థాయిలో ప్రపంచ విజేత, అది మరువకండి.

జవాబు 2: ఒంటరిగా ఘాట్ ఎక్కితే బలం తెలుస్తుంది, రేసు తెలియదు. ముందువాడి చక్రానికి జానెడు దూరంలో, గాలి తగలకుండా తొక్కడం నేర్చుకోవాలి. చాలామంది రేసర్ల వృత్తి జీవితమంతా తమ జట్టు నాయకుడికి నీళ్ల సీసాలు అందించడంలోనే గడుస్తుంది. అదీ గౌరవమైన పనే. వాడికి అది ఇష్టమేనా, అడగండి.

ప్రశ్న అడిగినవారు: అడిగాను. "సీసాలైనా మోస్తానక్కా" అన్నాడు. ఆదివారం నలుగురితో కలిసి తొక్కడానికి వెళుతున్నాడు.