లంపీ (పశువులకి ఒంటి మీద గడ్డలు లేచే జబ్బు) వచ్చిన పల్లెకి వాలంటీర్లుగా వెళ్లొచ్చా? (హోసకోటె వైపు)

ప్రశ్న (బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి):
నమస్తే అండి. 2021 కోవిడ్ సెకండ్ వేవ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది మందిమి కలిసి ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకి భోజనాలు అందించాం, ఆక్సిజన్ సిలిండర్ల కోసం రాత్రంతా ఫోన్లు చేశాం. మాకు పాలు పోసే అక్కది హోసకోటె దాటాక ఒక పల్లె, వాళ్లూ తెలుగువాళ్లే. మూడు ఆవులు. పోయిన వారం ఒకదానికి మెడ మీద, పొదుగు మీద గడ్డలు లేచాయి, డాక్టరుగారు లంపీ అన్నారట. పాత బ్యాచ్ అంతా శనివారం వెళ్లి, ఊళ్లో కొట్టాలన్నీ చూసి, ఫోటోలు తీసుకుని, మందులిచ్చి వద్దామనుకుంటున్నాం. పశువు బాగుందో లేదో ఏం చూసి చెప్పాలి? ఇక్కడ కొందరు పాలే మానేద్దామంటున్నారు, అదొక టెన్షన్.

జవాబు (ఆనేకల్ నుంచి):
ముందు పాలు మానకుండా చూడండి. లంపీ మనుషులకు రాదు, పాలు మరగబెట్టుకుని తాగొచ్చు. ఇంజెక్షన్లు వేసిన ఆవు పాలు ఎన్నాళ్లు పక్కన పెట్టాలో డాక్టరుగారే చెబుతారు.

2022లో మా వైపు వచ్చినప్పుడు నేను తిరిగాను. కొనేవాళ్లు పాలు మానేశారని తెలిశాక ఊళ్లో ఎవరూ నోరు విప్పలేదు. ఒకరింట్లో ఆవుని వెనక కట్టేసి గోనెపట్టా కప్పారు. పట్టా తీస్తే గడ్డ పగిలి, పుండులో పురుగులు. ఆవు తల కూడా ఎత్తలేదు. వారం ముందు చెప్పి ఉంటే అంతదాకా వచ్చేది కాదు. కోవిడ్‌లోనూ పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని జ్వరం దాచుకున్నవాళ్లని మీరూ చూసే ఉంటారు. అందుకే ఫోటోలు వద్దు, గ్రూపుల్లో అసలే వద్దు.

కొట్టం కొట్టం తిరగడం కూడా వద్దు. మేం ఒకేరోజు ఐదు తిరిగాం, తప్పు చేశాం. లంపీని ముఖ్యంగా మోసేవి ఈగలు, దోమలు, గోమార్లు. కానీ గాలికుంటు లాంటివి మన చెప్పులకి అంటుకుని కూడా పోతాయి. ఇంటికి ఒక్క వాలంటీరు, రోజూ ఒక ఫోన్, చాలు.

ఆవు సంగతి పాలు పితికే మనిషికే తెలుస్తుంది. మీరు ఆక్సీమీటర్ అంకెలు రాసుకున్నట్టే, కొట్టంలో గుంజకి ఒక నోట్‌బుక్ కట్టించండి. మేత తిన్నదా, నీళ్లు తాగిందా, పాలెన్ని, జ్వరమెంత. మామూలుగా 101.5 ఫారెన్‌హీట్ ఉంటుంది, 103 దాటితే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయమనండి. ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనిస్తే నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపలి నుంచి పొట్ట మెల్లగా తోస్తుంది. ఆ తోపు చేతికి తగలకపోయినా, నెమరు ఆగినా జ్వరం ఎక్కేదాకా చూడొద్దు.

జవాబు (కేఆర్‌పురం నుంచి, సొంతూరు చింతామణి దగ్గర):
అన్న చెప్పింది నిజం. మందులు మీరు కొనకండి, అవి డాక్టరుగారి పని. దోమతెర గుడ్డ, ఎండు గడ్డి కొనివ్వండి. జబ్బు ఆవుకి కాళ్లు వాస్తాయి, సిమెంటు నేల మీద పడుకుంటే మోకాళ్లు పుండ్లవుతాయి. దాన్ని విడిగా కట్టి, తొట్టీ బకెట్టూ వేరుగా పెట్టాలి. మా అమ్మ దానికి కుడితి ఆఖర్న పెట్టి, చేతులు కడుక్కున్నాకే లోపలికి వచ్చేది. పేడ దిబ్బ కొట్టానికి ఎంత దూరముంటే ఈగలు అంత తక్కువ.

జవాబు:
మిగతా రెండు ఆవులకి టీకా సంగతి అడగమనండి. 2022లో మన దగ్గర లంపీకి మేకల మశూచి టీకానే వాడారు. జబ్బు పడ్డదానికి వేయరు, ఆరోగ్యంగా ఉన్నవాటికే. రక్షణ రావడానికి మూడు వారాలు పడుతుంది, కాబట్టి వేశాక కూడా ఈగల విషయంలో జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు:
శనివారం ట్రిప్ ఆపేశాం. ఇప్పుడే అక్కకి ఫోన్ చేశాను. పాలు మానం అక్కా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, రెండో ఆవు కూడా నిన్నటి నుంచి మేత ముట్టడం లేదట. 1962కి చేయించాను. రేపు నోట్‌బుక్, థర్మామీటర్, దోమతెర తీసుకుని నేనొక్కదాన్నే వెళ్తున్నాను.