క్వినోవా కొంటే అక్కడి రైతుల తిండి లాక్కున్నట్టేనా?

లలిత, ఎంవీపీ కాలనీ:
మా ఆయనకి షుగర్ అని తేలినప్పటి నుంచి రాత్రిపూట అన్నం మాన్పించి క్వినోవా అనే విదేశీ గింజలతో ఉప్మా పెడుతున్నాను. మొదటిసారి సరిగ్గా కడక్కుండా వండేసరికి ఒకటే చేదు. నిన్న రైతుబజార్లో మా స్నేహితురాలు, "అది దక్షిణ అమెరికాలో బొలీవియా కొండవాళ్ల తిండే. మనలాంటివాళ్లు ఎగబడి కొనబట్టి వాళ్లకే దొరకట్లేదట" అంది. నిజమా? ఇంట్లో ఇంకా అర కిలో ఉంది.

ఓడ రవి, గాజువాక:
సగం నిజం లలిత గారూ. 2014లో మా ఓడ బొలీవియా పక్కనున్న పెరూలోని కయావో రేవులో ఆగింది. బయట బజార్లో క్వినోవా ధర విని నోరెళ్లబెట్టాను, పక్కనే బియ్యం, నూడుల్స్ చవగ్గా ఉన్నాయి. కొనుక్కుని తినే పేదవాడికి ఇబ్బందే. కానీ పండించేవాడికి మాత్రం అప్పుడు నాలుగు డబ్బులు కనిపించాయి. కుటుంబాల ఖర్చుల లెక్కలు తీసిన ఆర్థికవేత్తలు కూడా పెరూలో ఆ ధరల వల్ల వాళ్ల బతుకు కాస్త మెరుగైందనే అన్నారు.

అసలు దెబ్బ వేరే. బొలీవియాలో ఉయుని ఉప్పు మైదానం చుట్టుపక్కల, మూడున్నర వేల మీటర్ల పైన, కొండవాలుల్లో క్వినోవా వేసి, కింద మైదానంలో లామాలను (ఒంటె జాతి జంతువులు) మేపేవాళ్లు. వాటి పెంటే చేలకి ఎరువు. ధర పెరగ్గానే మేత భూములను ట్రాక్టర్లతో దున్నేశారు. లామాలు తగ్గాయి, ఎరువు తగ్గింది, పైమట్టి గాలికి లేచిపోవడం మొదలైంది. ఈలోగా పెరూ తీరప్రాంతంలో నీటి వసతితో పెద్ద ఎత్తున వేశారు. 2015కల్లా ధర సగానికి పైగా పడిపోయింది. ఐక్యరాజ్యసమితి 2013ని క్వినోవా సంవత్సరమని పండగ చేసి రెండేళ్లు కాలేదు!

(చేదు సంగతి: గింజ మీది సాపోనిన్ అనే నురగొచ్చే పదార్థం అది. కుంకుడుకాయ నురగలో ఉండే రకమే. నురగ పోయేదాకా కడగండి.)

పాడేరు చిన్నోడు:
రవన్నా, మాకూ అదే భయం. 2023లో చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, విశాఖ షాపుల్లో సామల ప్యాకెట్లు మెరిసిపోతున్నాయి. మా ఊళ్లో మాత్రం పొట్టు తీసే మరే లేదు. అమ్మ రోట్లో దంచితే మా ఇంటికే చాలదు, అందుకని పొట్టుతోనే సంతలో అమ్మేస్తాం. లాభమంతా పొట్టు తీసినవాడిదే. ఒక మాట మాత్రం చెప్పగలను: చోళ్లు (రాగులు) మేం ఇంటికి ఉంచుకున్నాకే అమ్ముతాం. పొద్దున్నే అంబలి లేకపోతే మా నాన్న పొలానికి కదలడు.

లలిత:
తమ్ముడూ, పొట్టు తీసిన సామలు మీ వైపు ఎవరైనా నేరుగా అమ్ముతారా? నెలకి మూడు కిలోలు కావాలి. ఉన్న క్వినోవా పారేయనులెండి, రవి గారు చెప్పినట్టు బాగా కడిగి వండేస్తాను.

పాడేరు చిన్నోడు:
పక్క ఊళ్లో మహిళా సంఘం వాళ్లకి చిన్న మర ఉందక్కా. ఆదివారం అడిగి చెప్తాను. రాళ్లుంటాయి, చేటలో చెరగాలి మరి!