పాత మినీ ట్రాక్టర్ థ్రాటిల్ జారుతోంది: సెట్టంతా మార్చాలా, పోయినదొక్కటే మార్చాలా?

మామిడితోట_మొయినాబాద్:
నాది 18 హెచ్‌పీ డీజిల్ బండి, పాతదే, తోటలో గడ్డి కోతకు వాడతాను. చేతి థ్రాటిల్, అంటే ఇంజిన్ వేగం పెంచే లివర్, ముందుకు పెడితే నిలవట్లేదు, సాలు సగంలోకి వచ్చేసరికి దానంతటదే వెనక్కి జారి ఇంజిన్ వేగం దిగిపోతోంది. దానికి తోడు ఇంజిన్ ఆపే కేబుల్ బిగుసుకుపోయింది. మొన్న బానెట్ ఎత్తి డీజిల్ పంపు మీది లివర్ చేత్తో లాగితే గానీ ఆగలేదు, ఒకటే టెన్షన్. మెకానిక్ లివర్లు, కేబుళ్లు అన్నీ సెట్టుగా మార్చేయమంటున్నాడు. తమ్ముడేమో సికింద్రాబాద్‌లో విడిభాగాలు దొరికే రాణిగంజ్ వెళ్లి కేబుల్ తీగలు చేయించుకుంటే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

పాత_పానా:
ఇద్దరి మాటా వద్దు. లివర్ జారుతోందంటే ఆ కేబుల్ బాగానే ఉన్నట్టన్నా. ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగ్ ఎప్పుడూ లివర్‌ని వెనక్కి లాగుతూనే ఉంటుంది, దాన్ని నిలబెట్టేది లివర్ మొదట్లో ఉండే, రాపిడితో పట్టి ఉంచే ఫ్రిక్షన్ వాషరూ, దాన్ని నొక్కి ఉంచే స్ప్రింగూ, నట్టూ. కేబుల్ పట్టేస్తే లివర్ జారదు, కదలనే కదలదు. పంపు దగ్గర కేబుల్ విప్పి చూడండి. పంపు లివర్ వేలితో తోస్తే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే రోగం పంపు వైపు ఉంది, ఎన్ని కేబుళ్లు మార్చినా దండగే.

శంకర్‌పల్లి_రైతు:
వాషర్ సంగతి ఒప్పుకుంటా. కానీ బండి అంత పాతదైనప్పుడు ఒకటి మార్చితే నెలకి ఇంకోటి పోతుంది, ప్రతిసారీ సిటీకి పరుగెత్తాలి. పైగా చేయించిన తీగల మీద నాకు నమ్మకం లేదు. నాకు చేసిచ్చినదాంట్లో తీగ చివర గుండు (నిపిల్) టంకం ఊడి, క్లచ్ కేబుల్ సరిగ్గా గట్టు దగ్గర తెగింది. క్లచ్‌కీ, ఇంజిన్ ఆపేదానికీ మాత్రం కంపెనీదే వేయండి, అక్కడ పిసినారితనం పనికిరాదు.

పాత_పానా:
టంకం ఊడటం చేసినవాడి తప్పు భాయ్, పద్ధతి తప్పు కాదు. చాలామంది తీగ మొత్తం పొడవు చెప్పి వస్తారు, అసలు కొలత బయటి గొట్టం దాటి లోపలి తీగ ఎంత మిగులుతుందన్నది. పాతది విప్పి చేతికిస్తే గొడవే ఉండదు. లివర్ పిన్ను రంధ్రం అరిగి కోలగా అయితే లివర్ పారేయక్కర్లేదు, బాలానగర్‌లో ఏ లేత్ దగ్గరైనా రంధ్రంలో ఇత్తడి గొట్టంముక్క (బుష్) వేసిస్తారు. ఇంకోటి, ఆర్‌పీఎం రావట్లేదని పంపు మీది సీలు వేసిన స్క్రూ మాత్రం తిప్పొద్దు, ఇంజిన్ హద్దు దాటి పరుగెత్తుతుంది.

మామిడితోట_మొయినాబాద్:
విప్పాను. పంపు లివర్ బాగానే వెనక్కి వస్తోంది. నవ్వకండి, పనిచేసే కుర్రాడు లివర్ గట్టిగా ఉందని దాని మొదట్లో గ్రీజు కొట్టాడట! వాషర్ అద్దంలా నున్నగా ఉంది. పెట్రోల్‌తో కడిగి, కొత్త వాషర్ వేసి నట్టు బిగించాను, ఇప్పుడు పెట్టినచోట నిలుస్తోంది. ఆపే కేబుల్ మాత్రం లోపల తుప్పు, గొట్టం వేడికి కరిగి సైలెన్సర్‌కి అతుక్కుంది. అదొక్కటీ కంపెనీదే తెప్పిస్తున్నా.

శంకర్‌పల్లి_రైతు:
ఈసారి సైలెన్సర్‌కి దూరంగా క్లిప్ వేసి కట్టండి, వంపు మరీ మెలిక పడకుండా. క్లచ్ కేబుల్ కూడా ఒకసారి లివర్ చివర చూడండి, రెండు పోగులు తెగి ఉంటే నా మాటే నెగ్గినట్టు.

మామిడితోట_మొయినాబాద్:
మూడు తెగి ఉన్నాయి.